నలభై ఏడోది

ఆ ఆదివారం సాయంత్రానికి నా పుస్తకంలో నలభై ఏడు, షబానా ఫోనులో నలభై ఆరు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా రోజంతా సైకిళ్ల మీద పోతూ మేము చూసిన పిట్టలూ జంతువులూ ఎన్ని రకాలో, ఆ లెక్క. ముప్పై నాలుగేళ్లు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఒకటి తేడా వస్తే అది దొరికేదాకా నాకు అన్నం సహించదు. అలాంటిది, ఈ ఒక్కటి తేడా మాత్రం ఇలాగే ఉండనివ్వమని నేనే పట్టుబట్టాను. షబానా బతిమాలింది, తర్వాత కోప్పడింది. నేను కదల్లేదు. మొండితనం అనుకునేవాళ్లు అనుకోవచ్చు. ఆ మొండితనానికి అరవై ఏళ్ల నాటి కారణం ఒకటి ఉంది. అది రాయడానికే ఈ అధ్యాయం.

షబానా నా దగ్గర పదో తరగతి దాకా చదివిన పిల్ల. ఇప్పుడు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఏడాదికొకసారి ఊళ్లోవాళ్లను పోగేసి, సైకిళ్లెక్కించి, సందుల్లో గొందుల్లో ఇంకా ఏయే జీవాలు మిగిలి ఉన్నాయో లెక్కపెట్టిస్తుంది. ఈసారి నేనూ వస్తానన్నాను. ఆమె పంపిన ఫారంలో వయసు గడి అరవై దాకానే ఒప్పుకుంటుంది. "ఆ గడి వదిలెయ్యండి టీచర్, నేను చూసుకుంటా" అంది. గడి ఖాళీగా వదలడం మా ఇంట్లో లేదు. ఆ ఫారాన్ని కాగితం మీద తీయించి, డెబ్భై మూడు అని పెన్నుతో రాసి, సంతకం పెట్టి, వాళ్ల ఇంటికి పోయి చేతికిచ్చి వచ్చాను. ఆమె కాగితాన్ని చూసి, నన్ను చూసి, నా సైకిలును చూసింది. ఉద్యోగం నుంచి దిగిపోయిన వారం కొన్న సైకిలు అది. రోజూ పాలకూ కూరగాయలకూ దాని మీదే పోతాను. "సరే టీచర్" అంది. ఆ మాటను నేను కాదనడానికి దారిలేని అనుమతిగానే తీసుకున్నాను.

ఉదయం ఆరింటికి కోట కొండ కింద ముప్పై ఒక్క సైకిళ్లు చేరాయి. అందులో పద్నాలుగు ఆడపిల్లలవి. రెండుసార్లు లెక్కపెట్టాను, అంత సంతోషం వేసింది. రాజశేఖర్ అని బ్యాంకులో పనిచేసే మనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో, తలకు టోపీ, మెడలో మూరెడు కెమెరా, నా పక్కకు వచ్చి ఆగాడు.

"అవ్వా, ఎనకాల ఒక ఆటో రమ్మని చెప్పల్లనా?"

"చెప్పు నాయనా. నీ చైను వదులుగా ఉండాది, నీకే పనికొస్తాది."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. పత్తిమిల్లుల గోడ దాటకముందే అతని చైను ఊడింది. నేనే ఆగి, వేపపుల్లతో ఎక్కించి ఇచ్చాను. తర్వాత అతను నన్ను అవ్వా అనలేదు, పెద్దమ్మా అన్నాడు. ఒక్క చైనుకు ఒక తరం దిగివచ్చాను.

కొండ బండల మీద కోతులు వందకు పైనే ఉన్నాయి గానీ మా లెక్కకు కోతి ఒక్కటే. చెరువు నీటి మీద బొల్లికోళ్లు, బండల మీద రెక్కలారబెట్టుకునే నీటికాకులు, ఒడ్డున ధ్యానం నటించే గుడ్డికొంగ. మిల్లుల వెనక సందులో కంపచెట్లకు ఏడాది పొడవునా దూది అంటుకునే ఉంటుంది. ఆకుల అంచులు కలిపి కుట్టుకునే పిట్ట ఒకటి ఆ దూదిని నోట కరుచుకుని పోయి లోపల పరుస్తుంది. ఆదోని పత్తితో పరుపు వేసుకునేది మనుషులే కాదు. మార్కెట్ యార్డు రేకుల మీద రామచిలకలు వేరుశనగ బస్తాలకు కాపు కాస్తున్నాయి. రైలు పట్టాల వెంట ముంగిసల జంట, చెత్తకుప్పల మీద గద్దలు, సెల్‌ఫోను స్తంభం మీద డేగ. ఊరంటే మనుషులదే అనుకునేవాళ్లు ఒకసారి సైకిలెక్కి ఊరి వెనకవైపు నుంచి చూడాలి. తొమ్మిదింటికి నా పుస్తకంలో ఇరవై తొమ్మిది గీతలు పడ్డాయి. ప్రతి గీత పక్కనా నాలుగు గడులు: ఏమిటి, ఎన్ని, ఎప్పుడు, ఎక్కడ.

ఈ నాలుగు గడుల అలవాటు మా నాయనది. నాయన పేరు దేవదానం. కాలువ మీద లష్కరు. కాలువలో నీళ్లు ఏ తూము దగ్గర ఎంత ఎత్తున పారుతున్నాయో రోజూ పోయి, అక్కడ నాటిన గేజి రాతి మీద అడుగులూ అంగుళాలూ చూసి, పుస్తకంలో రాసుకుని రావడం లష్కరు పని. మా ఇల్లు ఎమ్మిగనూరు అంచున, మగ్గాల వీధి వెనక, కాలువ కట్టకు ఆనుకుని ఉండేది. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇంట్లో నాయన, నాయనను కన్న మా అవ్వ మరియమ్మ, నేను. ఒకటే గది, ముందర చుట్టుగుడిసె. తెల్లవారకముందే మగ్గాలు మొదలయ్యేవి. ఆ చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది, ఎవరింట్లోనో చావు అని. ఇంటి ముందు తడి నూలు ఆరేసేవాళ్లు, గంజి వాసన, రంగు కాగుల వాసన, దాని మీద అవ్వ కాల్చే జొన్నరొట్టె వాసన. అవ్వ నేతగాళ్లకు కండెలు చుట్టేది. ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, ఒక బుగ్గలో పొగాకు పెట్టుకుని, రెండో బుగ్గతో ఊరందరినీ తిట్టేది. ఆదివారం గుడిలో మాత్రం పొగాకు తీసి కొంగుకు ముడేసేది. పాట అయిపోగానే ముడి విప్పేది.

నాయన పొద్దున లేచి ముఖం కన్నా ముందు సైకిలు కడిగేవాడు. రెండు రొట్టెలు, ఊరిబిండి, చెంబెడు మజ్జిగ. గేజి పుస్తకాన్ని నూనెగుడ్డలో చుట్టి కడుపుకు కట్టుకునేవాడు. వాన వచ్చి తాను తడిసినా పుస్తకం తడవగూడదు. ఆయన తిరిగే బీటు పోను పదకొండు మైళ్లు, రాను పదకొండు. దాని మీద ఏడు గేజీలు. సాయంత్రం ఆయన వంకర రాతను నేను శుభ్రమైన ప్రతిగా రాసేదాన్ని. అట్లా నాకు ఆ పుస్తకం బడి పుస్తకాల కన్నా ముందు వచ్చింది. నీళ్లు కొలిచే పద్ధతి కూడా చెప్పాడు. "నీళ్లు నిలబడి ఉండవు పాపా, ఊగుతాంటాయి. అల పైకొచ్చినప్పుడు రాస్తే ఎక్కువ రాసినట్ల, కిందికి పోయినప్పుడు రాస్తే తక్కువ. మూడు అలలు సూడల్ల. నడిమిది రాయల్ల."

పుస్తకంలో చివరి గడి రిమార్కులది. నాయన ప్రతి రోజూ ఏడు గేజీల పక్కనా ఏడుసార్లు "ఏమీ లేదు" అని రాసేవాడు. ఏమీ లేనప్పుడు వదిలేయొచ్చు కదా అని ఒకసారి అడిగాను. "ఖాళీ గడి అంటే తెరిసిన తలుపు. నువ్వు రాయకుంటే ఇంకొకడొచ్చి రాస్తాడు. గండి పడిందని రాస్తాడు, నీళ్లు దొంగిలించినారని రాస్తాడు. కింద నీ సంతకం ఉంటాది" అన్నాడు. నాలుగో తరగతి చదివిన మనిషి చెప్పిన మాట అది. తర్వాత చదువుకున్నవాళ్లు చాలామంది దగ్గర పనిచేశాను, అంతకన్నా గట్టి మాట వినలేదు.

నాకు పదమూడో ఏడు. వానలు మొదలై కాలువకు నీళ్లు వదిలిన నెల. నాయన అప్పటికి తొమ్మిదేళ్లుగా తాత్కాలికం. ఆ నెలలోనే ఉద్యోగం ఖాయం కాబోయేవాళ్ల పేర్లు పైకి పోతాయని తెలిసింది. ఒక్క రోజు గేజి చూడలేదని తెలిసినా పేరు కొట్టేస్తారు, ఆ బీటు కోసం కాచుకుని ఉన్నవాళ్లు ఇద్దరున్నారు. సరిగ్గా అప్పుడే నాయనకు చలిజ్వరం పట్టుకుంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం కోళ్లు నేల మీద టకటకలాడేవి. తెల్లవారి లేచి సైకిలు దాకా పోయాడు. దాన్ని పట్టుకునే కూలబడ్డాడు. అవ్వా నేనూ ఎత్తుకొచ్చి పడుకోబెట్టాం. ఆయన కడుపు మీద నుంచి నూనెగుడ్డ విప్పి నేను కట్టుకున్నాను.

"యాడికే?" అంది అవ్వ.

"గేజీలకి."

"పెద్దమనిసైన పిల్ల సైకిలెక్కి కట్ట మీద పోతే మగ్గాల వీధి వీధంతా సూస్తాదే!"

"సూడనీ. నేను గేజి సూస్తా, వాళ్లు నన్ను సూస్తారు. ఎవురి పని వాళ్లది."

అవ్వ పొగాకును ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చింది. కొడుకు వైపు చూసింది. నా వైపు చూసింది. "ఆ లంగాతో పోతే చైన్లో పడి సస్తావు, ఇట్ల రా" అని, లంగాను గోచీ పోసి, నేతగాళ్ల నూలు చిలపతో రెండు తొడలకూ బిగించి కట్టింది. ఆ చిలప తెల్లారి లెక్కలో ఒకటి తగ్గిందని నేతగాడు అడిగితే, ఎలుక తీసుకుపోయిందని చెప్పింది. నాయన దుప్పట్ల లోపల్నుంచి అన్నది ఒకటే మాట. "మూడు అలలు. ఏ గడీ ఖాళీ ఇడ్సొద్దు."

మగవాళ్ల సైకిలు, సీటు అందదు. బారు కింద నుంచి కుడికాలు దూర్చి, ఒంటిని విల్లులాగా వంచి తొక్కాలి. మొదటి మైలులోనే రెండుసార్లు పడ్డాను. మగ్గాల వీధి నిజంగానే చూసింది. గుంత మగ్గాల్లో కూర్చున్నవాళ్లు తలలు పైకెత్తారు, నాడెలు ఆగిపోయాయి. నేను పోయేదాకా చప్పుడు లేదు. నేను పోయాక చప్పుడు మళ్లీ మొదలైంది. అంతే. అంతకన్నా ఏమీ కాలేదు. ఆ రోజు నేర్చుకున్న మొదటి లెక్క అది: లోకం చూస్తుంది, తర్వాత తన పని చేసుకుంటుంది.

మొదటి గేజి దగ్గర మూడు అలలు చూశాను. నడిమిది రాశాను. రిమార్కుల గడి దగ్గర పెన్సిలు ఆగింది. తూము కింద నీటికుక్కలు రెండు ఒక చేపను చెరో వైపూ పట్టుకుని లాక్కుంటున్నాయి. నాయన అయితే "ఏమీ లేదు" అని రాస్తాడు. కళ్ల ముందు ఉన్నప్పుడు ఏమీ లేదని ఎట్లా రాయను? "నీటికుక్కలు 2, చేప 1" అని రాశాను. ఆ గడి ఎందుకు పెట్టారో నాకు ఎవరూ చెప్పలేదు. గండ్లకూ తూము తలుపులకూ పెట్టిన గడి అని తెలియదు. చూసినది రాయడానికే అనుకున్నాను. రెండో గేజి దగ్గర గిజిగాడి గూళ్లు పంతొమ్మిది. మూడో దగ్గర జొన్నచేలలో జింకలు ఇరవై ఆరు, కొమ్ములున్నవి నాలుగు. నాలుగో గేజి రాయినే కావలించుకుని ఉడుము ఒకటి; అది దిగేదాకా అంకె కనపడక కాచుకున్నాను.

ఐదో గేజి దగ్గర కట్ట పక్కన ఎర్రరాళ్ల బీడు. మోకాలెత్తు గడ్డి. అందులో మేకపిల్ల నిలబడిందనుకున్నాను. మేకకు అంత పొడుగు తెల్లని మెడ ఉండదు. నెత్తిన నల్లటి టోపీ, బరువైన ఒళ్లు, కొలతపెట్టినట్టు ఒక్కో అడుగు. బట్టమేక పిట్ట. నాయన నోట విన్నదాన్ని మొదటిసారి కళ్లతో చూశాను. అది పరుగెత్తలేదు. నన్ను చూస్తూ పక్కకు నడిచింది, ఇంకొంచెం నడిచింది. అది ఎక్కడి నుంచి లేచిందో అక్కడికి పోయి చూశాను. గూడు లేదు, పుల్ల లేదు, ఒట్టి నేల మీద గుడ్డు ఒకటి. మట్టి రంగు మీద చాక్లెట్టు రంగు మరకలు. ముట్టుకోలేదు. వెనక్కి వచ్చి "బట్టమేక 1, గుడ్డు 1" అని రాసి, సైకిలెక్కాను. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. మూడు రోజులు అట్లా తిరిగాను. మూడు రోజులూ ఆ పిట్ట అక్కడే ఉంది.

నాలుగో రోజు నాయన లేచి కూర్చుని పుస్తకం తెరిచాడు. ముఖం జ్వరంలో కన్నా తెల్లబోయింది. "గవర్నమెంటు బుక్కులో జింకలు రాస్తావా?" చించడానికి లేదు, పేజీలకు నంబర్లున్నాయి. కొట్టేయడానికి లేదు, కొట్టివేత అంటే అనుమానం. ఇరవై ఒక్క గడుల నిండా పిట్టలూ జంతువులూ. అవ్వ ఒక్కతే నవ్వింది. "ఉన్నవే కదా రాసింది. ఏనుగు రాసిందా?"

ఆ వారమే కాలువ ఓవర్సీరు వచ్చాడు, జీపులో, ఇద్దరు బంట్రోతులతో. పుస్తకం చదివి మొదట పడిపడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నాయనను చూశాడు. ఇది నీ చెయ్యి కాదే అన్నాడు. నాయనకు అబద్ధం రాదు. జ్వరం, కూతురు, అన్నీ చెప్పాడు.

"ఈ పిల్లనా? పదకొండు మైళ్లు పోయి, మళ్ల వచ్చి, గేజీలు సూసిందా? ఇంట్లో కూసోని రాసింటాది దేవదానం. నీళ్ల లెక్కలన్నీ ఇంత సక్కగా కుదిరినాయే, అదే అనుమానం."

నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిదేళ్లు ఆ నిలబడడంలో ఉన్నాయి. నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చాను. "ఐదో గేజి కాడ గుడ్డు ఉండాది సార్. పోయి సూడండి. ఇంట్లో కూసోని ఉంటే గుడ్డు సంగతి నాకెట్ల తెలుస్తాది?"

నన్ను జీపులో ఎక్కించుకున్నారు. జీవితంలో మొదటిసారి మోటారు బండి ఎక్కడం. ఐదో గేజి దగ్గర ఆపమని, ఈడ్నుంచి నడుద్దామని చెప్పాను. ఆపలేదు, బీడులోకే తోలారు. పిట్ట లేచింది. ఈసారి నడవలేదు, ఎగిరింది. అంత బరువైనది ఎగరడం చూసి బంట్రోతులు ఈల వేశారు. ఎక్కడ అని ఓవర్సీరు అడిగాడు. ఇక్కడ అని వేలు పెట్టి చూపించినది నేను. ఆయన టోపీ తీసి, వంగి చూసి, "నిజమే" అన్నాడు. చెడ్డవాడు కాదు. అక్కడే జీపు బానెట్టు మీద పుస్తకం పెట్టి సంతకం చేశాడు. బంట్రోతుల్లో ఒకడు ఆ గుడ్డు తీసి నా చేతిలో పెట్టాడు. "ఇదో పాపా, నీ సాక్ష్యం." వెచ్చగా ఉంది. అంత వెచ్చగా ఉంటుందని నాకు తెలియదు.

ఉన్న చోటే పెట్టాను, ఉన్న వైపుకే తిప్పి పెట్టాను. బడి వదలగానే రోజూ సైకిలు తీసుకుని పోయి కట్ట మీద నుంచే చూసేదాన్ని. పదకొండు రోజులు పోయాను. పిట్ట రాలేదు. పన్నెండో రోజు గుడ్డు కూడా లేదు. ఏది తిన్నదో తెలియదు. బట్టమేక ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుందని నాయన అప్పుడు చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదని ఏడ్చాను. ఆయన పేరు పైకి పోయింది, ఉద్యోగం ఖాయమైంది, నేను పై చదువు చదివాను, టీచరునయ్యాను. ఈ చేతి రాత మొత్తం ఆ గుడ్డు మీద నిలబడింది. దానికి సిగ్గుపడను. మరిచిపోను కూడా. నాయన పోయాక ఆయన పాత పుస్తకాల ప్రతులు నా దగ్గరికి వచ్చాయి. ఆ ఏడాది నుంచి దిగిపోయే దాకా ఐదో గేజి పక్కన రిమార్కుల్లో ఆయన "ఏమీ లేదు" అని ఒక్కసారి కూడా రాయలేదు. ప్రతి రోజూ "పిట్ట రాలేదు" అని రాశాడు. ఏ అధికారీ ఎందుకని అడగలేదు. చదవలేదేమో.

మళ్లీ ఆదివారానికి వస్తాను. పదకొండుకు ఎండ ముదిరింది. అందరూ తారురోడ్డు పట్టుకున్నారు. లారీల పక్కన తొక్కడం నాకు ఇష్టం లేదు, పాత బండిబాట ఒకటి నాకు తెలుసు, ఎమ్మిగనూరులో కలుస్తానని వెనకవాళ్లకు చెప్పి విడిపోయాను. ఫోను నా సంచి అడుగున ఆపేసి ఉంది. ఇక్కడ ఒక ముక్క రాయను. అబద్ధం రాయలేదు, ఒక ముక్క వదిలేశాను. ఈ అధ్యాయం పట్టుకుని దారి వెతుక్కుంటూ ఎవరూ బయల్దేరొద్దని ముందే చెబుతున్నాను.

అది నిలబడి ఉంది. తెల్లని మెడ, నల్లని టోపీ, కొలత అడుగులు. సైకిలు చప్పుడు కాకుండా నేల మీద పడుకోబెట్టి కూర్చున్నాను. ముసలి కళ్లు ఏమైనా చూపిస్తాయి, అందుకని మూడుసార్లు చూశాను. ఒకసారి అద్దాలతో, ఒకసారి అద్దాలు తుడుచుకుని, ఒకసారి కళ్లు మూసి నూరు లెక్కపెట్టి తెరిచి. మూడుసార్లూ అదే. అరగంట ఉన్నాను. గుడ్డు ఉందా అని అడగొద్దు. దగ్గరికి పోలేదు.

ఎమ్మిగనూరులో బజ్జీల అంగడి ముందు ముప్పై సైకిళ్లూ ఆగి ఉన్నాయి. రాజశేఖర్ నా కోసం రెండుసార్లు రోడ్డు వెంట వెనక్కి పోయి వచ్చాడట, చొక్కా పిండితే నీళ్లు కారేట్టు ఉంది. షబానా పరుగెత్తుకొచ్చింది.

"టీచర్! ప్రాణం పోయింది నాకు. ఫోను యాల ఆపేసినారు?"

"మోగుతాదని." ఉగ్గాని ఒక ప్లేటు చెప్పి, పుస్తకం తెరిచి నలభై ఏడో గీత చూపించాను. ఆమె చదివింది. ముఖంలో గౌరవం అట్లాగే ఉంది, నమ్మకం పోయింది. ఆ చూపు నాకు తెలుసు. అరవై ఏళ్ల కింద ఒకసారి చూశాను.

"ఇది ఈ పక్క కనపడి ఎన్నేళ్లయిందో మీకు తెలుసు కదా. పెద్ద కొంగేమో టీచర్."

"కొంగకూ బట్టమేకకూ తేడా తెలీనిదాన్నా నీకు కసాగు నేర్పింది?"

"ఫోటో లేకుంటే ఎక్కించడానికి లేదు."

"ఎక్కించొద్దు."

"చోటు చెప్పండి, మేము పోయి చూసొస్తాం. దూరం నుంచే. ఐదుగురమే."

"ఓవర్సీరు ఇద్దరితోనే వచ్చినాడు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు ఆ అంగడి బల్ల మీదే మొత్తం చెప్పాను, గేజీ, జ్వరం, జీపు, వెచ్చని గుడ్డు. రాజశేఖర్ చేతిలో బజ్జీ చల్లారిపోయింది. కెమెరా మెడలోంచి తీసి సంచిలో పెట్టుకున్నాడు, ఎందుకో.

షబానా మెత్తని మనిషి కాదు. నా శిష్యురాలే. "అదంతా నిజం టీచర్. కానీ ఇప్పుడు కాలం వేరే. అది ఉందని రుజువైతే ఆ నేలను కాపాడొచ్చు. ఎవరికీ తెలియకుంటే రేపు ఎవడో రాళ్లు పాతి ప్లాట్లు వేస్తాడు. అప్పుడు ఆ పాపం ఎవరిది?"

నువ్వు చెప్పేదీ నిజమే కావచ్చని ఆమెతోనే అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. అప్పుడు కాలం మంచిదని, ఇప్పుడు చెడ్డదని నేను రాయను. అప్పుడు చలిజ్వరానికి మా వీధిలో పిల్లలు పోయారు, ఆడపిల్ల సైకిలెక్కితే మగ్గాలు ఆగాయి. ఇప్పుడు పద్నాలుగు మంది ఎక్కితే ఎవరూ తల తిప్పలేదు. అప్పుడు కట్ట మీద ఇరవై ఆరు జింకలు, ఇప్పుడు సిమెంటు కాలువ పక్కన ఒక్కటీ లేదు. కూడికలూ తీసివేతలూ రెండూ ఉన్నాయి. మారనిది ఒకటే: ముసలిదో పిల్లదో, ఆడది చూశానంటే చాలదు, చేతిలో పెట్టి చూపించాలి. ఒకసారి పెట్టి చూపించాను. చాలు.

"నువ్వొక్కదానివే రా" అన్నాను చివరికి. "ఫోను ఇంట్లో పెట్టి రా. దూరం నుంచి చూపిస్తా."

"వస్తే చెప్పకుండా ఉండలేను టీచర్. చూసినదాన్ని దాచడం మీరు నేర్పలేదు."

"అయితే రావద్దు."

ఆమె నవ్వలేక నవ్వింది. నలభై ఆరు అని ఫోనులో నొక్కింది. నా ప్లేటులో మిగిలిన మిరపకాయ బజ్జీ తీసుకుని తిన్నది. మేము పోట్లాడుకోలేదని దాని అర్థం.

అప్పటి నుంచి ఆదివారాలు తొమ్మిది అయ్యాయి. తొమ్మిదిసార్లూ పోయాను, ఒక్కదాన్నే. ఆరుసార్లు కనపడింది, మూడుసార్లు లేదు. లేని రోజుల పక్కన "పిట్ట రాలేదు" అని రాశాను. నేను పోయాక ఈ పుస్తకం షబానాకే చేరాలని ముందు అట్ట మీద ఆమె పేరు కూడా రాసి పెట్టాను. అందులో ఏమిటి అన్న గడి నిండి ఉంటుంది. ఎన్ని అన్నది నిండి ఉంటుంది. ఎప్పుడు అన్నది నిమిషాలతో సహా ఉంటుంది. ఎక్కడ అన్న గడి మాత్రం పది వరుసల్లోనూ ఖాళీ. నా జీవితంలో నేను నింపకుండా వదిలిన గడులు అవే. ఖాళీ గడి తెరిచిన తలుపని నాయన అన్నాడు, నిజమే. ఆ తలుపుకు అడ్డంగా నేను కూర్చుని ఉన్నాను.